శుక్రవారపు అన్నం

"లేస్తుందా, లేదా?"

పొద్దుటి నుంచి క్రీస్తుదాసు అడుగుతున్నది ఆ ఒక్క మాటే. అడుగుతున్నది భార్య పుల్లమ్మని. లేవాల్సింది మాత్రం నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న కూతురు జయకుమారి.

"నన్నడుగుతావేందయ్యా? అదక్కడే ఉందిగా, దాన్నే అడుగు."

"అడిగా. గోడకి చెప్పుకున్నట్టుంది."

గుంటూరు హాస్టల్ నుంచి జయ పెట్టె కూడా తెచ్చుకోకుండా ఇంటికొచ్చి పడి వారం కావస్తోంది. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆ పిల్ల పుస్తకం ముట్టదు, పిలిస్తే పలకదు, కంచం పెడితే రెండు మెతుకులు కెలికి పక్కకి నెడుతుంది. అద్దంకి డాక్టరు కళ్ళు చూశాడు, నాలుక చూశాడు, జబ్బేమీ లేదని బలం మందు రాసిచ్చాడు. ఆ సీసా మూత తియ్యకుండా గూట్లోనే ఉంది.

క్రీస్తుదాసు ఆ పల్లె సంఘానికి ఉపదేశి. అందరూ అయ్యగారని పిలిచే పాస్టరుగారు అద్దంకిలో ఉంటారు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆయనొక్కరే. ఆయన రాని రోజుల్లో వాక్యం చెప్పేది క్రీస్తుదాసు. ఆయన వచ్చినా రాకపోయినా గుడి గంట కొట్టేది మాత్రం ఎప్పుడూ క్రీస్తుదాసే, ఇంకొకరి చేతికి ఆ తాడు ఇవ్వడు. గుడిలో ఎంత మెత్తగా ప్రార్థన చేస్తాడో ఇంట్లో అంత గట్టిగా మాట్లాడతాడు. ఉన్న మెత్తదనమంతా అక్కడే అయిపోతుందేమోనని పుల్లమ్మ అనుమానం.

"నేనొకటి అనుకున్నా," అన్నాడు కండువా దులిపి భుజాన వేసుకుంటూ. "రేపు శుక్రవారం కూడికకి అయ్యగారొస్తున్నారు. జయని ముందుకి తీసుకెళ్ళి నిలబెడతా. అయ్యగారు తలమీద చెయ్యుంచి ప్రార్థన చేస్తారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. ఎల్లుండి పొద్దున్నే బస్సెక్కిస్తా."

"నన్ను నిలబెట్టొద్దు నాన్నా."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఇంటికొచ్చాక ఆ పిల్ల నోటి నుంచి ఒక పూర్తి మాట రావడం అదే మొదలు.

"ఏమ్మా? ప్రార్థన కూడా వద్దా?"

క్రీస్తుదాసు మంచం దగ్గరికి వచ్చాడు.

"ఈస్టరు ముందు శ్రమదినాలు మొదలైన కాణ్ణించి ప్రతి శుక్రవారం ఆడవాళ్ళు పస్తుండి మిరపకోతకి పోతున్నారు. ఎవరి కోసం? నీకోసం కాదూ? రెబ్కమ్మవ్వ చేలో కళ్ళు తిరిగి పడిపోయి కూడా గుక్కెడు నీళ్ళు ముట్టలా. నా మనవరాలు డాక్టరు కావాలంది. అలాంటివాళ్ళ ముందు నిలబడటానికి నీకేం కష్టం?"

జయ దుప్పటి తలమీదికి లాక్కుంది.

పుల్లమ్మకి ఎక్కడో చురుక్కుమంది. ఆ ఉపవాసం పెట్టించింది తనే. స్త్రీల సమాజంలో లేచి నిలబడి, నా బిడ్డ మా పేటలో మొదటి డాక్టరు కావాలి, నాతోపాటు ఎవరైనా ఉపవాసముంటారా అని కన్నీళ్ళతో అడిగింది తనే. అడగడమే ఆలస్యం, తన కోత ముఠాలో ఆడవాళ్ళంతా చేతులెత్తారు. అంత ప్రేమని తన కళ్ళతో తను ఏనాడూ చూడలేదు. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకి గుండె నిండిపోయేది. ఇప్పుడు మాత్రం ఎందుకో నిండలేదు.

క్రీస్తుదాసు చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. గిన్నెలో అన్నం మాడు వాసన వచ్చేదాకా పుల్లమ్మ కదల్లేదు.

* * *

మధ్యాహ్నం ఎర్రబస్సు రోడ్డుమీద ఒక పిల్లని దింపిపోయింది. చంకలో దిండు పెట్టుకుని, ఇల్లు అడుక్కుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. అన్నం వేళకి తిరిగొచ్చిన క్రీస్తుదాసు అలవాటు కొద్దీ, "వందనాలమ్మా," అన్నాడు.

"సలామండీ," అనేసి ఆ పిల్ల నాలుక కరుచుకుంది. "నమస్కారమండీ. జయ వాళ్ళిల్లు ఇదేగా? నేను నజీరానండీ, హాస్టల్లో దాని పక్క మంచం."

పుల్లమ్మ కంగారుగా చాప పరిచింది. పట్నంలో చదివే పిల్లకి ఏం పెట్టాలో తోచక మజ్జిగ ఇచ్చింది. నజీరా గటగటా తాగేసి, ఇంకో గ్లాసు అడిగింది. ఆ అడగడంతోనే పుల్లమ్మకి ఆ పిల్ల నచ్చేసింది.

"ఇదేందమ్మా, దిండు?"

"మా నాన్న పేరు సిలారండీ, పెదకాకానిలో పరుపులు కుడతాడు. హాస్టల్లో జయ దిండు రాయిలా ఉంటుంది. దానికి నిద్ర పట్టట్లేదని చెప్తే నాన్న కొత్త దూది ఏకి కుట్టిచ్చాడు. బస్సులో అందరూ నా ఒళ్ళో బిడ్డనుకున్నారు."

మంచం మీద దుప్పటి కదిలింది. జయ లేచి కూర్చుంది. జుట్టు రేగి, కళ్ళు లోపలికి పోయి, ఆ మొహం చూసి నజీరా నవ్వు ఒక్క క్షణం ఆగిపోయింది. మళ్ళీ తనే కూడదీసుకుంది.

"ఏమే, చెప్పాపెట్టకుండా వచ్చేస్తావా? నీ జువాలజీ రికార్డు నేనే ఇచ్చొచ్చా. నువ్వు సగంలో వదిలేసిన బొద్దింకకి రంగు నేనేశా. మీసాలు కాస్త పొడుగైనయ్. మేడమ్ చూసి, ఇది బొద్దింకా, కానిస్టేబులా అంది."

జయ పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకుంది పుల్లమ్మ. చిన్న నవ్వు వచ్చింది. దగ్గులాంటి నవ్వు, వచ్చి వెంటనే పోయింది. అయినా నవ్వే. పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయింది.

కాసేపటికి నజీరా గ్లాసు కడగడానికి అక్కడికే వచ్చింది.

"అమ్మా, ఒకటి అడుగుతా. మీరేం అనుకోకూడదు. జయ కోసం మీరంతా శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నారంటగా?"

"అవునమ్మా," అంది పుల్లమ్మ. గొంతులో గర్వం తనకే వినపడింది.

"అదీ ఉంటోందమ్మా అక్కడ."

"ఏంది?"

"జయ నాన్నగారు హాస్టల్‌కొచ్చి, అవ్వ పడిపోయిన సంగతి చెప్పెళ్ళారు చూడండి, అప్పట్నుంచి. ముందు శుక్రవారాలు తినడం మానేసింది. తర్వాత ఏ రోజు తింటుందో, ఏ రోజు మానుతుందో మాకే తెలీలా. కంచం నా వైపు తోసేసి పుస్తకం పట్టుకునేది. నిద్రపోదు. మొన్న టెస్టులో కాగితం మీద పేరు రాసింది, అంతే, ఇక చెయ్యి కదల్లా. తెల్ల కాగితం ఇచ్చేసి బయటికొచ్చింది. నాకు మార్కులు తగ్గితే వాళ్ళ ఆకలికి నేనేం చెప్పుకోవాలి అంది నాతో. తెల్లారేసరికి మంచం ఖాళీ."

పుల్లమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"తప్పు మాదీ ఉందమ్మా. మా హాస్టల్లో మార్కుల్ని బట్టి బెంచీలు మారుస్తారు. పక్కదానికి ఒక మాట చెప్తే మనం వెనక బెంచీకి పోతామేమోనని అందరికీ భయం. నాకూ అంతే. ఎవరికి చెప్పుకోను? జయ ఖాళీ మంచం చూసి నేను ఏడుస్తుంటే, ఏంటా అని చూస్తే గదిలో మిగతావాళ్ళూ ఏడుస్తున్నారు. ఒక్కళ్ళం కూడా బాగా లేం! ఇప్పుడు కలిసి చదువుతున్నాం. ఒకళ్ళు పైకి చెప్తుంటే మిగతావాళ్ళు వింటాం. తల పగిలిపోతుందనుకుంటే వార్డెన్ చూడకుండా మేడమీద తొక్కుడుబిళ్ళ ఆడతాం. దీని చోటు దీనికి ఉంచాం. తీసుకుపోదామనే వచ్చా."

* * *

చాలాసేపటికి పుల్లమ్మ మంచం పట్టె మీద కూర్చుంది.

"పస్తులుంటున్నావంటనే?"

"నువ్వు మాత్రం ఉండట్లేదా?"

"మేం పెద్దాళ్ళం. మాకలవాటు."

"ఎండలో వంగి కాయలు కోస్తూ పస్తుండటం ఎవరికి అలవాటమ్మా?" జయ తల్లి వైపు తిరిగింది. "నాకక్కడ ఫ్యాను కింద కూర్చోబెట్టి పప్పు, కూర వడ్డిస్తారు. ముద్ద నోటిదాకా రాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడవు. మీరు కనపడతారు. వరసగా వంగి, అందరూ. ముందు రెబ్కమ్మవ్వ."

పుల్లమ్మ బిడ్డ నెత్తిన పూలబుట్ట పెట్టాననుకుంది ఇన్నాళ్ళూ. బస్తా ఎత్తి పెట్టినట్టుంది.

"నన్ను తిట్టు అమ్మా. వాళ్ళని మాత్రం తినమను."

ఆ సాయంత్రం క్రీస్తుదాసు వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగానే పుల్లమ్మ సంగతంతా చెప్పి, చివరికి అసలు మాట అనేసింది.

"రేపు ముఠాలో అందరికీ అన్నం తీసుకుపోతున్నా. ఉపవాసం చాలిస్తున్నాం."

"ఏమన్నావ్?"

"విన్నావుగా."

"ఉపదేశి పెళ్ళాం శ్రమదినాల్లో, శుక్రవారం పూట, అన్నం గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళోంచి పోతుందా? అయ్యగారొచ్చే రోజునా? నన్ను ఎక్కడ తలెత్తుకోమంటావ్?"

"దానికి తల ఎత్తే ఓపిక కూడా లేదు. నీ తల సంగతి తర్వాత చూద్దాం."

"దేవుడికిచ్చిన మాటే అది!"

"ఇచ్చింది నేను. నేనే తీసుకుంటా. ఆయనకి కోపం వస్తే నామీద రానీ."

"విశ్వాసం లేని మాటలు మాట్లాడొద్దు."

"విశ్వాసం ఉండబట్టేనయ్యా. ఆకలేస్తున్న బిడ్డకి అన్నం పెడితే కోప్పడే దేవుడు కాడని నా విశ్వాసం."

క్రీస్తుదాసు అరుగు మీదికి పోయి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, భార్య తింటున్నంతసేపూ అతను లోపలికి రాలేదు. పుల్లమ్మ పిలవనూ లేదు. నజీరా మాత్రం కంచంలో అన్నం కలిపి తీసుకెళ్ళి అతని పక్కన పెట్టి, "చల్లారిపోతదండీ," అని వచ్చేసింది. తెల్లారి చూస్తే కంచం ఖాళీగా ఉంది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

* * *

శుక్రవారం మధ్యాహ్నానికి చేను ఎర్రగా మండుతోంది. కోత ముదిరిన మిరపచేలో అడుగుపెడితేనే ముక్కులు అదురుతాయి. ఆడవాళ్ళు సాలుకొకరు చొప్పున వంగి, కాయలు తుంచి ఒడిలో వేసుకుంటూ కదులుతున్నారు. పేటంతా అవ్వా అని పిలిచే రెబ్కమ్మ వెనకబడింది. ముసలితనం, పైగా పస్తు. అయినా ఆమె సాలు వెనకబడలేదు. అటు పక్కావిడ, ఇటు పక్కావిడ చెయ్యి చాచి ఆమె మొక్కల కాయలు కూడా కోసి ఆమె ఒడిలోనే వేస్తూ పోతున్నారు. ఆ ముఠాలో ఎవరు అలిసినా అంతే. దానికి ఎవరూ ఎవరికీ చెప్పేదుండదు.

గట్టుమీద నిలబడి జయ అది చూస్తూ ఉండిపోయింది. చిన్నప్పటి నుంచీ చూసిందే. ఇంటి గడప దాటి ఇంతదూరం నడిచి రావడానికి మాత్రం నజీరా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

పుల్లమ్మ తుమ్మచెట్టు నీడన గంప దించి మూతగుడ్డ తీసింది. వేడన్నం, పప్పుచారు, గోంగూర. వాసనకి అందరి తలలూ ఒక్కసారి లేచాయి.

"ఇదేందే పుల్లమ్మా?" అంది రెబ్కమ్మ నడుం పట్టుకుని లేస్తూ. "ఇయ్యాళ శుక్రవారం."

పుల్లమ్మ చెప్పింది. ఎంత కష్టంగా ఉన్నా ఒక్క ముక్క దాచుకోకుండా చెప్పింది. తన బిడ్డ అక్కడ తినకుండా ఎట్లా అయిపోయిందో, ఉపవాసం పెట్టించి తనెంత తప్పు చేసిందో. చెప్పి, "నా మాట విని ఇన్నాళ్ళు కడుపు మాడ్చుకున్నారు. నా మాట విని ఇయ్యాళ తినండి," అంది.

ఎవరూ కదల్లేదు. రెబ్కమ్మ మొహం ముడుచుకుపోయింది.

"అయితే నా ఉపవాసం నీ బిడ్డకి బరువైందన్నమాట."

"అట్లా కాదత్తా..."

"మరెట్లా? నాకు చదువు రాదు. పొలం లేదు. బిడ్డకి ఏదన్నా ఇద్దామంటే నా దగ్గరున్నది ఈ కడుపొక్కటే. అదే ఇచ్చా. అదీ వద్దంటే నేనేం ఇవ్వను?" ముసలామె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తీసుకుపో నీ గంప."

పుల్లమ్మ తలదించుకుంది. ప్రేమగా ఇచ్చినదాన్ని వద్దనడం ఎంత పాపిష్టి పనో ఆమెకి తెలుస్తూనే ఉంది.

"అవ్వా."

జయ గట్టు దిగి సాల్లోకి వచ్చింది.

"అవ్వా, నాకు పరీక్ష పోతే?"

"ఛీ, అవేం మాటలే!"

"చెప్పు. పోయిందనుకో. డాక్టరు సీటు రాలేదనుకో. మళ్ళీ ఇంటికొచ్చాననుకో. అప్పుడు కూడా నన్ను మనవరాలా అంటావా?"

రెబ్కమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. అడిగిన మాట ఆమెకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది.

"ఒసే పిచ్చిమొహమా! నువ్వు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేను. నీళ్ళు పోసింది నేను. అప్పుడు నిన్ను మార్కులు ఎన్నొచ్చినయ్ అని అడిగానటే?"

పక్క సాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జయ నవ్వబోయి నవ్వలేక మొహం చేతుల్లో దాచుకుంది. రెబ్కమ్మ ఒక్క అంగలో దగ్గరికొచ్చి తల పట్టుకుని తన భుజానికి ఆనించుకుంది.

"ఇదటే నీ బాధ? ముందే చెప్పొచ్చుగా! ఇంత చదువు చదివి ఇంత మాట అడగడం చేతకాలా? నువ్వు ముందు తిను. నువ్వు ఎన్ని ముద్దలు తింటే నేనన్ని తింటా. నువ్వు మానితే నేనూ మానతా. సరేనా?"

ముసలామె చేతులు కడుక్కుంది. మట్టితో తోమి మళ్ళీ కడిగింది. ఎంత కడిగినా కోతచేతి కారం పోతుందా? పప్పుచారన్నం కలిపి మొదటి ముద్ద జయ నోట్లో పెట్టగానే ఆ పిల్ల హా హా అంటూ గంతులు వేసింది. కళ్ళ వెంట ధారలు కారాయి. ఏడుపో, కారమో ఎవరూ అడగలేదు. నీళ్ళు తాగి, మళ్ళీ నోరు తెరిచింది.

"ఇదీ!" అంది రెబ్కమ్మ, రెండో ముద్ద తన నోట్లో పెట్టుకుంటూ.

ఇక ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. నజీరా ఆకులు పరిచి వడ్డించింది. వెనకబడిన అవ్వ సాలుని పక్కవాళ్ళిద్దరూ ఎట్లా కోసుకొచ్చారో జయ నజీరాకి చూపించి చెప్తోంది, "మన గదిలో మీరు చేస్తున్నది ఇదేగా," అని. గొంతు నీరసంగానే ఉంది. మాట మాత్రం జయ మాటే. పుల్లమ్మ తన ఆకు ముందు కూర్చుని, తినడం మరిచిపోయి కూతురు నమలడం చూస్తోంది.

అప్పుడు గట్టుమీద గొడుగు కనపడింది.

క్రీస్తుదాసు. చంకలో బైబిలు సంచి. చకచకా నడిచి వచ్చినట్టున్నాడు, మెడ దాకా చెమట. నోట్లో ముద్దతో అందరూ ఆగిపోయారు. నజీరా చేతిలో గరిటె గాల్లోనే ఉంది.

అతను ఎవరినీ చూడలేదు. జయ బుగ్గకి అంటుకున్న మెతుకు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గొడుగు ముడిచి చెట్టుకి ఆనించి, ఖాళీ బిందె అందుకుని నీళ్ళు తోడే ఇంజను దగ్గరికి పోయాడు. ఉపదేశిగారు బిందె మోయడం ఆ పల్లెలో ఎవరూ చూసి ఎరగరు. నింపుకుని వచ్చి కూతురి పక్కన దించాడు. చెంబుతో ముంచి ఆమె చేతుల మీద తనే నీళ్ళు పోశాడు.

"తిన్నావా?"

"తిన్నా నాన్నా."

"మంచిది." గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో వాడే గొంతు కాదది. "పుల్లమ్మా, అయ్యగారు ముందు బస్సుకే వచ్చేశారు. గుళ్ళో ఉన్నారు. నువ్వు గంప తీసుకుపోయిన సంగతి ఆయనకి ఎవరో అప్పుడే చెప్పేశారు. సంఘం పెట్టిన ఉపవాసం మానమని ఎవరు చెప్పారు, వాళ్ళని నా ముందుకి తీసుకురా అన్నారు."

రెబ్కమ్మ చెయ్యి ఆకులో ఆగిపోయింది. పుల్లమ్మ కొంగు బిగించి లేచింది.

"పద. నేనే చెప్తా."

"నువ్వు కాదమ్మా." జయ తడిచేతులు పరికిణీకి తుడుచుకుంది. తండ్రి మొహంలోకి సూటిగా చూసింది. "మానమని అడిగింది నేను. నాన్నా, నన్ను ముందుకి తీసుకెళ్ళి నిలబెట్టు. ఒక్కదాన్నే అయితే పడిపోతానేమో. నజీరా ఒక పక్క ఉంటుంది."

"ఇంకో పక్క నేనుంటా," అంది రెబ్కమ్మ, ఒడిలో కాయలు గోతంలోకి దులుపుతూ.

ఇంతలో ఊరివైపు నుంచి గంట వినపడింది. కూడిక వేళ ఇంకా కాలేదు, అయ్యగారు సంఘాన్ని ముందే పిలిపిస్తున్నట్టుంది. క్రీస్తుదాసు గిరుక్కున తిరిగి చూశాడు. గంట కొట్టాల్సినవాడు ఇక్కడ మిరపచేలో నిలబడి ఉండగానే, అక్కడ గుళ్ళో గంట మోగుతోంది.